ఐఎస్ నంబరు చట్టమయ్యేది ఎక్కడ? గెజిట్ నుంచి ఐఎస్ఐ గుర్తు దాకా చిన్న యూనిట్లకు దారి

విజయవాడ వన్‌టౌన్‌లో బొమ్మలు హోల్‌సేల్‌గా అమ్మే ఒకాయన నా చెక్క పజిల్ పెట్టె చేతిలోకి తీసుకుని, ముందువైపు చూడకుండానే వెనక్కి తిప్పాడు.

"ఐఎస్ఐ గుర్తేదండీ?"

"ఇది చెక్కదండీ, ప్లాస్టిక్ కాదు" అన్నాను, అదేదో జవాబైనట్టు.

ఆయన పెట్టె తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "చెక్కైనా ఇనుమైనా పిల్లలు ఆడుకునేదైతే బొమ్మే. గుర్తు లేనిది నా షాపులో కనబడితే కేసు మీ ఒక్కరి మీదే కాదు, నా మీదా ఉంటుంది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, చెక్క మలిచే రౌటర్ మిషను ఒకటి, ముగ్గురు పనివాళ్ళతో ఏడాదిగా పని నడుపుతున్నాను. ఈ సంగతి మాత్రం నాకు తెలియదు. ఆ తరవాత నేను తిరిగిన దారిలో సగం అనవసరమైనది. మీరు ఆ సగం తిరగకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. బొమ్మలు నాకు తెలిసిన సరుకు కాబట్టి ఉదాహరణలు వాటివే. మీరు చేసేది కుక్కరైనా, కేబులైనా, స్టీలు గిన్నె అయినా దారి దాదాపు ఇదే.

అసలు ఎవరు ఏం చేస్తారు

ఇది తేలకపోతే ముందుకు వెళ్ళకండి. నేను పోగొట్టుకున్న మొదటి మూడు నెలలూ ఇక్కడే పోయాయి.

ప్రమాణం రాసేది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా పుట్టిన సంస్థ ఇది. పేరు మారి దాదాపు నాలుగు దశాబ్దాలైనా గుర్తు మాత్రం పాత పేరుతో ఐఎస్ఐగానే మిగిలిపోయింది. తయారీదారులు, పరిశోధకులు, ప్రభుత్వ శాఖలవాళ్ళు, వినియోగదారుల ప్రతినిధులు కమిటీగా కూర్చుని ఒక వస్తువు ఎలా ఉండాలో, ఎలా పరీక్షించాలో రాసి, దానికో ఐఎస్ నంబరు ఇస్తారు. అలా రాసినంత మాత్రాన అది ఎవరినీ కట్టిపడెయ్యదు. ఇష్టమైతే పాటించవచ్చు, లేకపోతే లేదు. ఇప్పటికీ ఎక్కువ ప్రమాణాలు ఇలాగే స్వచ్ఛందంగా ఉన్నాయి.

దానికి కోరలు పెట్టేది కేంద్ర ప్రభుత్వ శాఖ. బీఐఎస్ చట్టం 2016లోని 16వ సెక్షన్ ప్రకారం ప్రజాప్రయోజనం, మనుషుల, జంతువుల, మొక్కల ఆరోగ్యం, పర్యావరణ భద్రత, మోసపూరిత వ్యాపారాన్ని అడ్డుకోవడం, దేశ భద్రత వంటి కారణాలతో "ఈ వస్తువుకు ఈ ప్రమాణం తప్పనిసరి, గుర్తు లేకుండా అమ్మకూడదు" అని గెజిట్‌లో ఉత్తర్వు ఇవ్వవచ్చు. దీన్నే క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ అంటారు. వ్యాపారుల నోట్లో క్యూసీఓ. బొమ్మలకు ఆ ఉత్తర్వు ఇచ్చింది కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ అనే విభాగం. హెల్మెట్లకు రోడ్డు రవాణా శాఖ, ఉక్కుకు ఉక్కు శాఖ. బీఐఎస్‌ను అడిగితే ప్రమాణం సంగతి చెబుతారు, లైసెన్సు సంగతి చెబుతారు. "తేదీ వాయిదా వెయ్యండి, మా సరుకును వదిలెయ్యండి" అని అక్కడ మొరపెట్టుకుంటే లాభం లేదు. ఆ అధికారం శాఖది.

రెండు కాగితాలూ వేరు కాబట్టే ఒకటి పోయినా రెండోది ఉంటుంది. మంచినీళ్ళ సీసాలకు బీఐఎస్ సర్టిఫికెట్ ఏళ్ళ తరబడి తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ నిబంధన తీసేసింది. ఐఎస్ 14543 అనే ప్రమాణం ఎక్కడికీ పోలేదు, దాని వెనక ఉన్న బలవంతం పోయిందంతే. మరుసటి నెలలోనే ఆ సంస్థ ఈ సరుకును ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహారాల జాబితాలో చేర్చి, తనిఖీ తన చేతిలో పెట్టుకుంది. 2025 నవంబరులో పాలిస్టర్ నూలు, దాని ముడిసరుకుల మీద ఉన్న ఉత్తర్వులు కొన్నింటిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అక్కడా అంతే. ప్రమాణం పుస్తకం చదివి "ఇది చట్టం" అనుకున్నా, పుస్తకం చూడకుండా "ఇది ఉత్త సలహా" అనుకున్నా దెబ్బతింటారు.

మొదటి అడుగు: గెజిట్ ముందు, ల్యాబు తరవాత

ఎక్కువమంది సరుకు పట్టుకుని నేరుగా ల్యాబుకు పరుగెత్తుతారు. నేనూ పరుగెత్తాను. మధ్యవర్తి ఒకతను "ఒక్క టెస్ట్ రిపోర్టు చాలు సార్, ఇంకేం అక్కర్లేదు" అని డబ్బు తీసుకున్నాడు. ఆ రిపోర్టు నిజమైనదే. కానీ రిపోర్టు వేరు, లైసెన్సు వేరు. గుర్తు వేసుకునే హక్కు లైసెన్సుతోనే వస్తుంది.

బీఐఎస్ సైటులో తప్పనిసరి సర్టిఫికేషన్ కింద ఉన్న వస్తువుల జాబితా ఉంటుంది. అందులో మీ వస్తువు ఉంటే, పక్కనే ఉన్న ఉత్తర్వు దించుకుని ప్రింటు తియ్యండి. నాలుగైదు పేజీలకు మించదు. తరవాత వచ్చిన సవరణ ఉత్తర్వులన్నీ కూడా తియ్యండి. సవరణ లేకుండా మూలం ఒక్కటే చదవడం, రెండో పేజీ చింపేసిన పెళ్ళి శుభలేఖ చదివినట్టే. ముహూర్తం తెలుస్తుంది, మండపం తెలియదు.

రెండో అడుగు: ఉత్తర్వును వేలు పెట్టి చదవడం

ఇక్కడ తొందరపడొద్దు. అన్ని అడుగుల్లోకీ ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

నిర్వచనంతో మొదలుపెట్టండి. బొమ్మల ఉత్తర్వు 2020 ఫిబ్రవరిలో వచ్చింది. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకోవడానికి తయారుచేసిన, లేదా స్పష్టంగా అందుకే ఉద్దేశించిన వస్తువు బొమ్మ అంటుంది. ఆటకు మాత్రమే కానవసరం లేదని కూడా అంటుంది. నేను పెట్టె మీద "విద్యా సామగ్రి" అని రాసుకుంటే తప్పించుకోవచ్చనుకున్నాను. కుదరదు. అక్షరాల పజిల్‌తో పిల్లాడు నేర్చుకుంటాడు, ఆడుకుంటాడు కూడా.

తరవాత పట్టిక. అందులో వస్తువు, దాని ఎదురుగా ప్రమాణం నంబరు ఉంటాయి. కరెంటు, బ్యాటరీ లేని బొమ్మలకు ఐఎస్ 9873, అందులో కొన్ని భాగాలు. కరెంటు బొమ్మలకు ఐఎస్ 15644. మీ సరుకు రెండు వరుసల మధ్య ఇరుక్కునేట్టుంటే, ఉదాహరణకు లైటు వెలిగే చెక్క ఇల్లు, ఇప్పుడే తేల్చుకోండి. తరవాత తేల్చుకుంటే పరీక్షలన్నీ మళ్ళీ మొదలు.

నంబరు పక్కన ఏ సంవత్సరం ఎడిషనో చూడండి. కొత్త ఎడిషన్ వస్తే అదే వర్తిస్తుందని కొన్ని ఉత్తర్వుల్లో ఒక వాక్యం ఉంటుంది. చిన్న వాక్యమే కానీ బరువైనది. కమిటీ రేపు పరీక్ష మారిస్తే, శాఖ కొత్త గెజిట్ ఇవ్వకుండానే మీ మీద పడే నిబంధన మారిపోతుందన్నమాట. పార్లమెంటు చట్టం చేస్తే, శాఖ ఉత్తర్వు ఇస్తే, అసలు అంకె రాసేది ఎక్కడో ఒక సాంకేతిక కమిటీ. ఇది తప్పని నేననను. సీసం ఎంత ఉండాలో ఎంపీలు కూర్చుని లెక్కగట్టలేరు. కానీ ఆ కమిటీ గది మీద ఒక కన్నేసి ఉంచాల్సిన అవసరం మనకుంది. ఎలాగో చివర్లో చెబుతాను.

తేదీ. బొమ్మలకు మొదట 2020 సెప్టెంబరు 1 అన్నారు, వాయిదా వేసి 2021 జనవరి 1 నుంచి అమలు చేశారు. వాయిదాలు పడతాయి నిజమే, కానీ పడుతుందని నమ్ముకుని సరుకు నింపుకోకండి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం ఇలాంటి తప్పనిసరి నిబంధనల ముసాయిదాను ముందే మిగతా దేశాలకు తెలపాలి. వాళ్ళ అభ్యంతరాలూ వస్తాయి. ఎందుకంటే ఈ కాగితం రెండు పనులు చేస్తుంది. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దిగుమతి బొమ్మల నమూనాలు పరీక్షిస్తే మూడింట రెండొంతులు తప్పాయి. పిల్లల భద్రత అనే కారణం నిజమే. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. బయటి దేశం ఫ్యాక్టరీ కూడా బీఐఎస్ లైసెన్సు తీసుకోవాల్సిందే. అంటే ప్రమాణం ఓడరేవు దగ్గర గేటు కూడా అయింది. ఆ గేటు మనకూ పడుతుంది. దాన్ని చూసి మురిసిపోయిన చిన్న తయారీదారులు ఆ సంగతి ఆలస్యంగా గ్రహించారు.

ఇక మినహాయింపులు. ఎగుమతి సరుకుకు ఈ ఉత్తర్వు వర్తించదు, ఆ దేశం నిబంధనలు వర్తిస్తాయి. అంతకంటే మనవాళ్ళకు ముఖ్యమైనది 2020 డిసెంబరు సవరణలో ఉంది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న వస్తువులను ఆ గుర్తింపు పొందిన సంఘం, అధీకృత వాడుకదారులు చేసి అమ్మితే వాటికి ఈ ఉత్తర్వు వర్తించదు.

ఇబ్రహీంపట్నం అవతల కొండపల్లిలో ఒక పెద్దాయన దగ్గర తెల్ల పొణికి చెక్క గురించి కనుక్కుందామని వెళ్ళాను. దశావతారాలకు చేతులు అతికిస్తున్నాడు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. ఈ ఉత్తర్వు మాటెత్తితే, "మా తాతలనాటి నుంచి ఇదే చెక్క బాబూ, మాకెందుకు ఐఎస్ఐ?" అన్నాడు. నిజమే, అక్కర్లేదు. కానీ అక్కర్లేకుండా చేసింది తాతలనాటి చెక్క కాదు. కొండపల్లి బొమ్మకున్న భౌగోళిక గుర్తింపు, ఆయన చేతిలో ఉండాల్సిన కళాకారుడి కార్డు. "కార్డుందా బాబాయ్?" అంటే, "అబ్బాయి పేరు మీదుంది" అన్నాడు. బొమ్మ చేసేది ఈయన, కార్డు కొడుకుది. అలాంటి చోటే చిక్కు. కొండపల్లిలో ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు. ఎవరు చేశారు, ఎవరి పేరు నమోదైంది, ఎవరు అమ్ముతున్నారు, మూడూ చూస్తారు. నా రౌటర్ మిషనుకైతే ఆ మినహాయింపు అసలు దరిదాపుల్లో లేదు.

శిక్ష కూడా చదవండి, భయానికి కాదు, ఎవరి మీద పడుతుందో తెలియడానికి. 17వ సెక్షన్ తయారీని, దిగుమతిని ఆపడంతో వదల్లేదు. అమ్మడం, అద్దెకివ్వడం, నిల్వ పెట్టడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా అందులోనే ఉన్నాయి. వన్‌టౌన్ ఆయన భయం ఇదే. 2016 చట్టంలో దీనికి రాసిన శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా మొదటిసారి 2 లక్షలకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే 5 లక్షలకు తగ్గకుండా. సరుకు విలువకు పది రెట్ల దాకా కూడా వెయ్యవచ్చు.

మూడో అడుగు: ప్రమాణాన్ని చదవడం

బీఐఎస్ సైటులో ఖాతా తెరిస్తే మన దేశంలోనే రాసిన ప్రమాణాలు ఉచితంగా దిగుతాయి. ఒకప్పుడు కొనుక్కోవాల్సి వచ్చేది. పాటించకపోతే జైలు, చదవాలంటే డబ్బు అన్నట్టుండేది.

ప్రమాణాలు ఇంగ్లీషులో ఉంటాయి. చదవడానికి పండితులు కానక్కర్లేదు, రెండు మాటల తేడా తెలిస్తే చాలు. "షల్" అని ఉంటే తప్పనిసరి. "షుడ్" అని ఉంటే సలహా. పసుపు పెన్ను పట్టుకుని షల్ ఉన్న ప్రతి వాక్యం కింద గీత గియ్యండి. మీ పని గీతలున్న చోటే. ఇంకొకటి, "ఈ పరీక్ష ఫలానా ఐఎస్ ప్రకారం చెయ్యాలి" అని వేరే ప్రమాణాన్ని చూపిస్తుంది. అది కూడా దించుకోండి. ఒక ప్రమాణం చదవడానికి కూర్చుంటే నాలుగు చదవాల్సి వస్తుంది. తప్పదు.

బొమ్మల్లో నాకు తగిలిన రెండు అంకెలు చెబుతాను. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలో చిన్న ముక్క గొంతులో అడ్డుపడకూడదు కదా. దాన్ని కొలవడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండి లోతు 25.4 నుంచి 57.1 దాకా. ఏ ముక్కనైనా నొక్కకుండా అందులో వేస్తే పూర్తిగా లోపలికి దిగిపోకూడదు. నా పజిల్లో చంద్రుడి ముక్క హాయిగా దిగిపోయింది. అప్పుడు నాకొచ్చిన తెలివి: పెట్టె మీద "మూడేళ్ళు పైబడిన వారికి" అని అచ్చు వేయిద్దాం! ఆ ఆట చెల్లలేదు. బొమ్మ తీరు చూసి అది ఏ వయసువాళ్ళదో నిర్ణయిస్తారు, లేబుల్ చూసి కాదు. పెద్ద పెద్ద పిడులు పెట్టిన నాలుగు ముక్కల పజిల్‌ను ఐదేళ్ళ పిల్లాడు ఆడడని ఎవరికైనా తెలుస్తుంది. చివరికి చంద్రుణ్ణి పెద్దది చేశాను.

రెండోది రంగు. ఐఎస్ 9873 మూడో భాగం ప్రకారం రంగు నుంచి బయటికి వచ్చే సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు దాటకూడదు. కాడ్మియానికి 75, పాదరసానికి 60, ఆర్సెనిక్‌కు 25. ఇలా ఎనిమిది లోహాలకు హద్దులున్నాయి. పిల్లాడు బొమ్మ నోట్లో పెట్టుకుని మింగితే కడుపులో ఆమ్లానికి ఎంత కరిగి వస్తుందో, ఆ లెక్కన పరీక్ష. ఇక్కడ మీరు చెయ్యాల్సింది: రంగు కొనేటప్పుడే ఆ బ్యాచ్‌కు లోహాల పరీక్ష కాగితం అడగండి. ఇవ్వనంటే ఆ రంగు వద్దు. నేను ఎరుపు ఒకచోట, పసుపు ఇంకోచోట చవగ్గా వస్తుందని కొని, పసుపు ఒక్కటి తప్పినందుకు ఒక లాటంతా, అంటే ఒక విడతలో చేసిన సరుకంతా, గీకించాను. గీకిన కూలి రంగు ధర కంటే ఎక్కువైంది.

నాలుగో అడుగు: ప్రొడక్ట్ మాన్యువల్

దీని గురించి ఎవరూ చెప్పరు. లైసెన్సు ఇచ్చేవాళ్ళు మాత్రం దీన్నే చూస్తారు. ప్రతి తప్పనిసరి వస్తువుకూ బీఐఎస్ ఒక మాన్యువల్ ప్రచురిస్తుంది. ఏ రకాలను ఒక గుంపుగా చూపి ఒకే నమూనా పరీక్షించవచ్చు, ఫ్యాక్టరీలో ఏ పరికరాలుండాలి, ఏ పరీక్ష ఎంతకొకసారి చేసి రిజిస్టర్లో రాయాలి, అన్నీ అందులో ఉంటాయి. గుంపుల భాగం జాగ్రత్తగా చూస్తే డబ్బు మిగులుతుంది. నా పదకొండు పజిళ్ళకు పదకొండు పరీక్షలనుకున్నాను. ఒకే చెక్క, ఒకే రంగు, ఒకే తరహా కాబట్టి అన్ని అక్కర్లేదని తేలింది.

పరికరాల జాబితా చూసి కంగారుపడకండి. చిన్న యూనిట్లకు సొంత ల్యాబు విషయంలో సడలింపులు వస్తూ పోతూ ఉంటాయి. మీరు దరఖాస్తు పెట్టే రోజున ఏది అమల్లో ఉందో విజయవాడలోని బీఐఎస్ శాఖా కార్యాలయంలోనే అడగండి. నా మట్టుకు నాకు, అక్కడ గంట కూర్చుంటే తెలిసినంత మధ్యవర్తికి డబ్బిచ్చిన మూడు నెలల్లో తెలియలేదు.

ఐదో అడుగు: దరఖాస్తు

మానక్ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి. రెండు దారులున్నాయి. సులభ పద్ధతిలో ముందే గుర్తింపు పొందిన ల్యాబు రిపోర్టు తెచ్చి దరఖాస్తుతో కలిపి ఇస్తారు, అన్నీ సరిగా ఉంటే 30 రోజుల్లో తేలాలి. మామూలు పద్ధతిలో అధికారి వచ్చి ఫ్యాక్టరీ చూసి నమూనా తీసుకెళ్ళాక పరీక్ష, దీనికి 120 రోజులు. సరుకు మీద నమ్మకముంటే మొదటిది, ఇంకా రంగులు మారుస్తూ ఉంటే రెండోది. నేను కట్టినవి: దరఖాస్తుకు 1,000, ఏడాది లైసెన్సుకు 1,000, తనిఖీకి మనిషికి రోజుకు 7,000 రూపాయలు. వీటిపైన, గుర్తు వాడుకున్నందుకు కట్టే మార్కింగ్ ఫీజు. దాని కనీస మొత్తంలో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 50 శాతం రాయితీ ఉంది. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర చేసుకునే నమోదు) లేకుండా ఆ రాయితీ అడగలేరు. కాబట్టి దరఖాస్తు కంటే ముందు అది చేయించుకోండి.

తనిఖీ రోజు షెడ్డు కడిగి ముగ్గు వెయ్యక్కర్లేదు. రిజిస్టర్లు చూపిస్తే చాలు: ఏ రోజు ఏ రంగు బ్యాచ్ వచ్చింది, ఏ లాటుకు వాడారు, ఎవరు పరీక్షించారు. ముందురోజు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో ఏడాది రిజిస్టరు రాసేవాళ్ళున్నారు. ఆ ఒకే పెన్నే పట్టిస్తుంది.

ఆరో అడుగు: గుర్తు వేశాక

గుర్తుకు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అన్న అక్షరాల తరవాత మీ లైసెన్సు అంకెలు. రెండూ లేని ఐఎస్ఐ గుర్తు ఉత్త బొమ్మే. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి లైసెన్సు, ఏ సరుకుకు, ఇంకా నడుస్తోందా అన్నది ఎవరైనా చూడవచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు మీరే కొట్టి చూసుకోండి. ఒక అంకె తప్పు పడ్డ రెండు వేల పెట్టెలు మా షెడ్డు మూల ఇప్పటికీ ఉన్నాయి. అట్ట బాగుందని మా అమ్మాయి పుస్తకాలకు వాడుతోంది.

బజారులోంచి కూడా నమూనాలు కొని పరీక్షిస్తారు. అందుకే లైసెన్సు వచ్చాక రంగు కొట్టు మార్చే ముందు మళ్ళీ పరీక్ష.

ఏడో అడుగు: ముసాయిదా రాగానే రాయండి

ప్రమాణాలను కనీసం ఐదేళ్ళకొకసారి సమీక్షిస్తారు. మార్పు ముసాయిదాను అభిప్రాయాల కోసం సైటులో పెడతారు, మామూలుగా రెండు నెలలు. ఎవరైనా రాయవచ్చు. మనవాళ్ళు రాయరు. ఆ రెండు నెలల్లో పెద్ద కంపెనీల వాళ్ళ అభిప్రాయాలు వెళతాయి, దిగుమతిదారులవి వెళతాయి. అమల్లోకి వచ్చాక మనం కలెక్టరేటు ముందు టెంటు వేస్తాం.

రాసేటప్పుడు "చిన్న పరిశ్రమలు నలిగిపోతున్నాయి" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. ఫారంలో గడులుంటాయి: ఏ క్లాజు, ఇప్పుడేముంది, ఏమని మార్చాలి, ఎందుకు. ఆ గడుల్లోనే మాట్లాడాలి. ఫలానా క్లాజులో ఈ పరీక్షను ప్రతి లాటుకు కాకుండా ప్రతి రంగు బ్యాచ్‌కు చెయ్యమని మార్చండి, ఎందుకంటే లోహం వచ్చేది రంగు నుంచే కానీ చెక్క నుంచి కాదు, ఇవిగో మా ఆరు నెలల రిపోర్టులు. ఇంత చాలు. ఇంగ్లీషు రాకపోతే ఇంటర్ చదివే పిల్లలెవరైనా రాసిపెడతారు. క్లాజు నంబరు మాత్రం మీరే చూసి చెప్పండి, వాళ్ళకు వదిలెయ్యకండి.